స్నేహితులతో స్కీ ట్రిప్: తరచుగా అడిగే ప్రశ్నలు

ట్రిప్ తేదీలు ఖాయమైన రోజు నుంచే మా గ్రూపులో ప్రశ్నలు మొదలవుతాయి. ఒకరికి చెప్పిందే పదిమందికి చెప్పీ చెప్పీ విసుగొచ్చి అన్నీ ఒకచోట రాసిపెట్టాను. స్కీలు ఎప్పుడూ తొడగనివాళ్లకి, ఎప్పుడో ఒకసారి తొడిగి మరిచిపోయినవాళ్లకి, అందరినీ పోగేసి తీసుకెళ్లే బాధ్యత నెత్తినేసుకున్నవాళ్లకి ఇది పనికొస్తుంది.

మా ఆరుగురిలో ఇద్దరికే స్కీయింగ్ వచ్చు. అయినా కలిసి వెళ్లొచ్చా?

వెళ్లొచ్చు. కాకపోతే "రోజంతా అందరం కలిసే ఉందాం" అనే మాట ఇంటి దగ్గరే వదిలేసి బయల్దేరండి. నేను చూసిన గొడవల్లో ఎక్కువ భాగం డబ్బు దగ్గరో గదుల దగ్గరో రాలేదు, ఈ ఒక్క మాట దగ్గరే వచ్చాయి. స్కీయింగ్ వచ్చినవాళ్లు రానివాళ్ల కోసం వాలు మధ్యలో వణుకుతూ నిలబడతారు. వాళ్లు కింద నుంచి చూస్తున్నారన్న టెన్షన్‌లో కొత్తవాళ్లు తొందరపడి పడతారు. ఇంకో తమాషా ఏమిటంటే, ముందు దిగినవాళ్లు ఆగి హాయిగా విశ్రాంతి తీసుకుంటారు. వెనకవాళ్లు రొప్పుతూ వచ్చి చేరగానే "సరే, పదండి" అంటారు. అలసిపోయినవాళ్లకే విశ్రాంతి ఉండదన్నమాట.

మా పద్ధతి ఇది. పొద్దున ఎవరి దారి వాళ్లది. కొత్తవాళ్లు పాఠానికి, వచ్చినవాళ్లు పై వాలులకి. మధ్యాహ్నం ఫలానా లిఫ్ట్ (తీగ మీద కొండపైకి తీసుకెళ్లేది) కింద, ఫలానా టైముకి కలుస్తాం. భోజనం అయ్యాక గంటో రెండు గంటలో తేలిక వాలు మీద అందరం కలిసి దిగుతాం. ఆ రెండు గంటలూ వేగం నిర్ణయించేది అందరికన్నా నెమ్మదిగా వచ్చే మనిషే. చివరివాళ్లు వచ్చి ఊపిరి పీల్చుకున్నాక, కదలమని వాళ్లే చెప్పాలి. ఈ చిన్న నియమం పెట్టుకున్నాక మా ట్రిప్పుల్లో అలకలు చాలా తగ్గాయి.

వచ్చినవాళ్లే నేర్పిస్తే సరిపోదా? ఇన్‌స్ట్రక్టర్ ఖర్చు ఎందుకు?

ఈ ఒక్క ఖర్చు తగ్గించుకోవద్దని మాత్రం గట్టిగా చెప్తాను. స్కీయింగ్ వచ్చిన మనిషికి తను ఎలా తిరుగుతున్నాడో చెప్పడం రాదు. కాళ్లకి తెలిసింది నోటికి తెలియదు. "ఏముందిరా, ఇలా వచ్చెయ్" అంటాడు. నన్ను మొదటిసారి ఒక స్నేహితుడు నేరుగా కొండపైకి తీసుకెళ్లి సరిగ్గా ఈ మాటే అన్నాడు. స్కీలు భుజాన వేసుకుని నడుచుకుంటూ దిగాను. ఆ సాయంత్రం మేమిద్దరం మాట్లాడుకోలేదు.

ఇన్‌స్ట్రక్టర్ మిమ్మల్ని ముందు చదును నేల మీద ఒక్క స్కీతో నడిపిస్తారు. తర్వాత స్కీల ముందు కొనలు దగ్గరగా, వెనక కొనలు దూరంగా పెట్టి వేగం తగ్గించడం నేర్పిస్తారు. దీన్నే స్నోప్లౌ అంటారు. ఆ తర్వాతే మలుపులు. కుడికి తిరగాలంటే ఎడమ కాలి మీద బరువు వెయ్యాలి, ఎడమకి తిరగాలంటే కుడికాలి మీద. వినడానికి తేలికే గాని, భయం వేసినప్పుడు ఒళ్లు దానికదే కొండవైపు, అంటే వెనక్కి వాలుతుంది. వెనక్కి వాలగానే స్కీల ముందు భాగం మీద బరువు పోతుంది. ఇక అవి మాట వినవు. మోకాళ్లు కొంచెం వంచి, కాలి ముందు ఎముక బూటు ముందు భాగానికి ఆనేలా నిలబడాలి. భయపడినప్పుడు ముందుకి వంగడం మనిషి స్వభావానికి విరుద్ధం కాబట్టే, పక్కన నిలబడి ఓపిగ్గా వందసార్లు చెప్పే మనిషి కావాలి. స్నేహితుడికి పదోసారికే ఓపిక అయిపోతుంది.

కనీసం మొదటి రెండు రోజులు పాఠాలు పెట్టుకోండి. మూడో రోజు నుంచి స్నేహితుల వెంట తిరగండి.

ఎన్ని రోజులకి వెళ్తే బాగుంటుంది?

పూర్తిగా కొత్తవాళ్లకి నాలుగు లేదా అయిదు రోజులు. మొదటి రోజు పడతారు, రెండో రోజు ఒళ్లంతా నొప్పులతో పడతారు, మూడో రోజు మధ్యాహ్నం ఎప్పుడో ఒక మలుపు సరిగ్గా కుదురుతుంది. రెండు రోజులకే వెళ్లొస్తే ఆ మలుపు రుచి చూడకుండా తిరిగి రావాలి.

ముందుగా వ్యాయామం ఏమైనా చెయ్యాలా?

చేస్తే మంచిది. తొడల కండరాల మీదే భారమంతా పడుతుంది. నెలన్నర ముందు నుంచి మెట్లెక్కి దిగడం, గుంజీలు, వీపు గోడకి ఆనించి కుర్చీలో కూర్చున్నట్టు ఒక్కో నిమిషం నిలబడడం, ఇవి చాలు. స్కీయింగ్‌లో ఎక్కువగా దెబ్బతినేది మోకాలు. అలసిన తొడలు మోకాలిని కాపాడలేవు. అందుకే ఒంట్లో సత్తువ అయిపోయిందనిపించిన క్షణాన ఆ రోజుకి ఆపెయ్యాలి. "ఇదొక్కటే చివరిది" అంటూ దిగే రౌండ్ మీద నాకు మంచి అభిప్రాయం లేదు.

రిసార్ట్ ఎంచుకునేటప్పుడు ఏం చూడాలి?

అందరూ మొత్తం వాలుల పొడవు ఎన్ని కిలోమీటర్లో చూస్తారు. కొత్తవాళ్లున్న గ్రూపుకి ఆ లెక్కతో పనిలేదు. చూడాల్సింది వేరే ఉంది. నేర్చుకునే మైదానం ఎక్కడుంది, అక్కడ కన్వేయర్ బెల్టు లాంటి మ్యాజిక్ కార్పెట్ ఉందా, అందరూ మధ్యాహ్నం కలుసుకోవడానికి వీలుగా తేలిక వాలులూ కఠినమైనవీ ఒకే లిఫ్ట్ దగ్గరకి వచ్చి చేరతాయా అన్నది మ్యాప్‌లో చూడండి. మా లాంటి కలగాపులగం గ్రూపుకి ఈ చివరిది చాలా ముఖ్యం.

ఇంకొకటి ఎత్తు. వెయ్యి మీటర్లు పైకి వెళ్తే ఉష్ణోగ్రత సగటున 6.5 డిగ్రీలు తగ్గుతుంది. అంటే ఎత్తున్న చోట మంచు నిలిచే అవకాశం ఎక్కువ. కానీ 2,500 మీటర్లు దాటాక కొందరికి తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. వీలైతే పడుకునే చోటు కింద, స్కీయింగ్ పైన ఉండేలా చూసుకోండి. మొదటి రోజు తేలిగ్గా గడపండి, నీళ్లు ఎక్కువగా తాగండి. తలనొప్పి తగ్గకుండా పెరుగుతుంటే, అడుగు తడబడుతుంటే, కూర్చున్నా ఆయాసం వస్తుంటే ఇక ఆలోచించకుండా కిందికి దిగి వైద్యుడి దగ్గరకి వెళ్లాలి.

బట్టలు ఏం కావాలి?

మూడు పొరలు. ఒంటికి అంటి ఉండేది ఉన్నిదో సింథటిక్‌దో, మధ్యలో వెచ్చదనానికి ఫ్లీస్, పైన గాలీ నీళ్లూ చొరబడని జాకెట్, ప్యాంటు. కాటన్ మాత్రం వద్దు. చెమట పీల్చుకుని ఆరదు, లిఫ్ట్ మీద కూర్చున్న పది నిమిషాల్లో ఆ తడి ఎముకల్లోకి దిగుతుంది. జీన్స్ వేసుకొచ్చినవాళ్లని నేను రెండుసార్లు చూశాను. ఇద్దరూ మధ్యాహ్నానికే గదికి వెళ్లిపోయారు.

మంచి చేతి తొడుగులకి వెనకాడకండి. మేజోళ్లు ఒక్క జతే, పల్చగా, పొడుగ్గా ఉండాలి. రెండు జతలు వేసుకుంటే వెచ్చగా ఉంటుందనుకుంటారు గాని, బూటులో బిగుసుకుని రక్తం ఆడక కాళ్లు ఇంకా చల్లబడతాయి.

స్కీలు, బూట్లు కొనాలా, అద్దెకి తీసుకోవాలా?

అద్దెకే. ఈ సరదా మీకు పడుతుందని తేలాక మొదట కొనాల్సింది బూట్లు, స్కీలు కాదు. సరిపడని బూటుతో ఎంత మంచి స్కీ అయినా దండగే.

అద్దె కౌంటర్ దగ్గర సిగ్గుపడకుండా టైము తీసుకోండి. స్కీ బూటు సైజు పాదం పొడవుని సెంటీమీటర్లలో చెప్తుంది. పాదం 26.5 సెంటీమీటర్లుంటే సైజు కూడా 26.5. తొడిగి నిటారుగా నిలబడితే వేళ్లు ముందు తగలాలి, మోకాళ్లు వంచగానే కొంచెం వెనక్కి జరగాలి. మడమ పైకి లేవకూడదు. నొప్పి ఉండకూడదు గాని, మామూలు చెప్పుల్లా వదులుగా ఉన్నా తప్పే. ఇన్నర్ ప్యాంటు అంచు బూటులోకి దోపకండి. ఆ ఒక్క మడతే సాయంత్రానికి పుండు చేస్తుంది. కొత్తవాళ్ల స్కీలు గడ్డం దగ్గరికో, ఇంకాస్త కిందికో వస్తే చాలు. పొడుగు స్కీలు గొప్పవేమీ కాదు. మధ్యలో నడుం సన్నగా ఉండే స్కీలు 1990లలో వచ్చాక తిరగడం బాగా తేలికైంది. అంతకుముందు నేర్చుకున్న పెద్దలు రెండు మీటర్ల కర్రలతో కుస్తీ పట్టినవాళ్లే.

కౌంటర్‌లో బరువు, ఎత్తు, వయసు, స్కీయింగ్ ఎంత వచ్చో అడుగుతారు. స్నేహితులందరి ముందూ బరువు చెప్పాలంటే మొహమాటం వేసి నాలుగు కిలోలు తగ్గించి చెప్పేవాళ్లున్నారు, తమకి బాగా వచ్చని గొప్పలు పోయేవాళ్లూ ఉన్నారు. రెండూ వద్దు. పడినప్పుడు బూటుని స్కీ ఎంత బలానికి వదిలెయ్యాలో ఆ లెక్కల్ని బట్టే బైండింగ్, అంటే బూటుని స్కీకి పట్టి ఉంచే బిగింపు, బిగిస్తారు. మరీ బిగిస్తే వదలాల్సినప్పుడు వదలక మోకాలు మెలిపడుతుంది. మరీ వదులైతే మలుపులో ఊడిపోతుంది. ఇదే కారణంగా స్నేహితులు సరదాకి ఒకరి స్కీలు ఒకరు మార్చుకోవడం ప్రమాదం. బూటు అడుగు పొడవు కాస్త తేడా ఉన్నా, మనిషి బరువు తేడా ఉన్నా అమరిక తప్పుతుంది.

చైర్‌లిఫ్ట్ అంటే భయం. ఎలా ఎక్కాలి?

మొదటి చైర్‌లిఫ్ట్ 1936లో అమెరికాలోని సన్ వ్యాలీలో పెట్టారు. దాన్ని తయారుచేసిన రైల్వే ఇంజనీరుకి ఆ ఆలోచన వచ్చింది అరటిగెలల్ని ఓడల్లోకి ఎక్కించే కొక్కేల గొలుసుని చూసి. నాకు మొదటిసారి లిఫ్ట్ ఎక్కినప్పుడు నేనూ ఆ గెలలాగే అనిపించాను.

పోల్స్, అంటే చేతికర్రలు, రెండూ ఒక చేతిలోకి తీసుకోండి, మణికట్టు తాళ్లు తీసెయ్యండి. గీత దగ్గర నిలబడి భుజం మీదుగా వెనక్కి చూడండి. కుర్చీ తగలగానే కూర్చోండి, అడ్డకమ్మీ దించండి. దిగేటప్పుడు స్కీల ముందు కొనలు పైకెత్తి, నేల తగిలాక లేచి నిలబడి తిన్నగా ముందుకి జారిపోండి. అక్కడే ఆగి స్నేహితుల కోసం వెనక్కి తిరిగి చూడడమే అసలు తప్పు. వెనక కుర్చీ వాళ్లు వచ్చి మీద పడతారు. మొదటిసారైతే లిఫ్ట్ మనిషికి చెప్పండి, కుర్చీని నెమ్మది చేస్తారు. వెనక నుంచి లాక్కెళ్లే టీ ఆకారపు లిఫ్ట్ మీద మాత్రం కూర్చోకూడదు. అది మోసేది కాదు, లాగేది.

పడితే ఎలా లేవాలి?

పడబోతున్నామని తెలిస్తే పక్కకి, పిర్ర మీద పడండి. పడడం ఆపాలని చేతులు చాచకండి, పోల్స్ వదిలెయ్యండి. పోల్ చేతిలో ఉండగా పడితే బొటనవేలి మొదట్లో కీలు దెబ్బతింటుంది. అది ఎంత మామూలంటే "స్కీయర్స్ థంబ్" అని దానికో పేరే ఉంది. లేవడానికి రెండు స్కీలనీ శరీరానికి కింది వైపున, వాలుకి అడ్డంగా పెట్టుకోండి. తర్వాత చేత్తో నేలని నెట్టండి. స్కీలు కిందికి చూస్తుండగా లేవబోతే లేవకముందే ప్రయాణం మొదలవుతుంది. ఎంతకీ కుదరకపోతే పై స్కీ విప్పేసి లేవండి, తప్పేమీ లేదు.

వాలుల రంగులకి అర్థం ఏమిటి?

ఇక్కడొక మెలిక ఉంది. యూరప్‌లో నీలం తేలిక, ఎరుపు మధ్యరకం, నలుపు కష్టం. కొన్ని దేశాల్లో నీలం కన్నా తేలికైన ఆకుపచ్చ కూడా ఉంటుంది. ఉత్తర అమెరికాలో ఆకుపచ్చ వృత్తం తేలిక, నీలం చతురస్రం మధ్యరకం, నల్ల వజ్రం కష్టం. ఎరుపు అసలు లేదు. జపాన్‌లో ఆకుపచ్చ, ఎరుపు, నలుపు. అందుకే ఒకచోట నీలం మీద హాయిగా దిగిన మనిషి ఇంకోచోట నీలం చూసి ధైర్యంగా వెళ్తే గుండె జారిపోవచ్చు. పైగా ఆ రంగు ఆ కొండమీది మిగతా వాలులతో పోల్చి ఇచ్చిందే. పొద్దున గట్టిగా గడ్డకట్టిన నీలం, మధ్యాహ్నం మెత్తబడ్డ ఎరుపు కన్నా కష్టంగా ఉండొచ్చు.

ట్రాఫిక్ రూల్స్ లాంటివి ఉంటాయా?

ఉన్నాయి. అంతర్జాతీయ స్కీ, స్నోబోర్డ్ సమాఖ్య, ఎఫ్ఐఎస్, పది ప్రవర్తనా నియమాలు పెట్టింది. స్నోబోర్డ్ వాళ్లకీ అవే. అన్నింటికన్నా పెద్దది ఇది: ముందు, అంటే కింద ఉన్నవాళ్లకే హక్కు. పై నుంచి వచ్చేవాళ్లే తప్పించుకుని వెళ్లాలి. ముందువాడు ఉన్నట్టుండి తిరిగాడని వాదించడానికి లేదు. రెండోది, ఆగాలంటే అంచుకి వెళ్లి ఆగాలి. ఇరుకు చోట, పై నుంచి కనబడని గుట్ట కింద ఆగకూడదు. గ్రూపులు ఎక్కువగా తప్పేది ఇక్కడే. ఆరుగురూ వాలు మధ్యలో అడ్డంగా నిలబడి ఫోటోలు దిగుతారు.

ఎండ, చలి గురించి ఎంత జాగ్రత్త పడాలి?

ఎండని ఎవరూ పట్టించుకోరు. వెయ్యి మీటర్లు ఎక్కితే అతినీలలోహిత కిరణాలు దాదాపు 10 శాతం పెరుగుతాయి, తాజా మంచు వాటిలో 80 శాతం దాకా తిరిగి మీ మీదికే కొడుతుంది. అందుకే గడ్డం కింద, ముక్కు కింద కూడా కమిలిపోతుంది. సన్‌స్క్రీన్ అక్కడా రాసుకోండి, రెండు గంటలకోసారి మళ్లీ రాయండి. మబ్బు రోజున గాగుల్స్ తీసేస్తే కళ్లలో ఇసుక పోసినట్టు మండే బాధ సాయంత్రం మొదలవుతుంది. గాగుల్స్ అద్దానికి నంబర్లుంటాయి. మంచి ఎండకి 3, మబ్బుకి 1. రెండు అద్దాలు మార్చుకునేది దొరికితే మరీ మంచిది.

చలి ముందు పట్టేది ముక్కుని, చెవుల్ని, చెంపల్ని, వేళ్లని. తెల్లటి మచ్చ కనబడి అక్కడ స్పర్శ తెలియకపోతే వెంటనే లోపలికి వెళ్లండి. రుద్దకండి, మంచుతో అసలే రుద్దకండి. మన మచ్చ మనకి కనబడదు కాబట్టి లిఫ్ట్ మీద కూర్చున్నప్పుడు ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ ఉండాలి.

గుర్తులు దాటి పక్కనున్న తాజా మంచులోకి ఫ్రెండ్స్ వెళ్తున్నారు. నేనూ వెళ్లొచ్చా?

వద్దు. ఇంత కరాఖండిగా ఎందుకంటున్నానంటే, ఆ గుర్తు కర్రలు దాటిన క్షణం మీరున్నది రిసార్ట్‌లో కాదు, కొండ మీద. అక్కడ మంచు చరియల్ని ముందే కూల్చి సురక్షితం చేసినవాళ్లు ఎవరూ ఉండరు. చరియలు ఎక్కువగా విరిగేది 30 నుంచి 45 డిగ్రీల వాలుల మీద. స్కీయింగ్‌కి సరదాగా అనిపించే వాలులూ అవే. చాలా ప్రమాదాల్లో ఆ చరియని కదిలించేది కూరుకుపోయినవాళ్లో, వాళ్ల జట్టులోవాళ్లో.

ప్రమాద స్థాయిని 1 నుంచి 5 దాకా అంకెల్లో ప్రకటిస్తారు. 3 అంటే అయిదులో సగమేగా అనుకుంటారు. ప్రాణాలు పోయేది ఎక్కువగా ఆ 3 ఉన్న రోజుల్లోనే. కూరుకున్న మనిషిని మొదటి 10, 15 నిమిషాల్లో బయటికి తియ్యగలిగితేనే బతికే అవకాశం బాగుంటుంది. అంత త్వరగా రక్షణ సిబ్బంది రాలేరు, తియ్యాల్సింది పక్కనున్న స్నేహితులే. అందుకు ప్రతి ఒక్కరి దగ్గరా ట్రాన్స్‌సీవర్ (కూరుకున్నవాళ్లని సిగ్నల్‌తో పసిగట్టే పరికరం), మంచులో గుచ్చి వెతికే పొడవాటి ప్రోబ్ కర్ర, పార ఉండాలి, వాటిని వాడడం సాధన చేసి ఉండాలి. ఇవి లేని గ్రూపులో "నువ్వు రాకపోతే ఎలా" అని బతిమాలేవాళ్ల మాట వినకండి. రాను అని చెప్పే మొదటి మనిషి మీరైతే, మనసులో అదే అనుకుంటూ నోరు విప్పలేని ఇంకొకరు కూడా మీ వెంట ఆగిపోతారు. నేను చాలాసార్లు ఆ రెండో మనిషినే.

ఎవరైనా తప్పిపోతే, దెబ్బ తగిలితే?

తప్పిపోతే వెతుక్కుంటూ తలో దిక్కూ వెళ్లకుండా, ముందే అనుకున్న లిఫ్ట్ కిందికి అందరూ చేరండి. చలికి ఫోన్ బ్యాటరీ చటుక్కున పడిపోతుంది కాబట్టి దాన్ని ఒంటికి దగ్గరగా లోపలి జేబులో పెట్టుకోండి. స్కీ పెట్రోల్, అంటే వాలుల మీద తిరిగే రక్షణ సిబ్బంది, నంబరు అందరి ఫోన్లలోనూ ఉండాలి.

దెబ్బ తగిలిన మనిషికి కొంచెం పైన రెండు స్కీల్ని ఇంటూ గుర్తులా మంచులో గుచ్చండి. పై నుంచి వచ్చేవాళ్లకి అది హెచ్చరిక. లేపి నడిపించాలని చూడకుండా పెట్రోల్‌ని పిలవండి. దారి పక్కన కర్రల మీదుండే నంబరు చెప్తే సరిగ్గా ఎక్కడున్నారో వాళ్లకి తెలుస్తుంది.

బీమా మామూలు ట్రావెల్‌ది సరిపోతుందా?

చాలావాటిలో స్కీయింగ్ విడిగా చేర్చుకోవాలి. కొండ మీద నుంచి దించడం, హెలికాప్టర్, గుర్తులు దాటి వెళ్తే వర్తిస్తుందా అన్నవి చదివి చూడండి. అందరి పాలసీ నంబర్లూ ఒకే చోట రాసిపెట్టుకోండి.

స్కీయా, స్నోబోర్డా?

మొదటి రెండు రోజులు బోర్డు ఎక్కువ ఏడిపిస్తుంది, స్కీ తక్కువ. బోర్డు మీద ఎక్కువగా దెబ్బతినేది మణికట్టు. చదును దారుల్లో బోర్డు వాళ్లు ఆగిపోతారు, స్కీ వాళ్లే పోల్ అందించి లాగాల్సి వస్తుంది. ఎవరికి ఏది నచ్చితే అది తీసుకోండి.

మాలో ఒకరికి స్కీయింగ్ అసలు ఇష్టం లేదు. బలవంతం చెయ్యాలా?

వద్దు. ఒక పూట పాఠానికి రమ్మని అడగండి, కాదంటే వదిలెయ్యండి. మంచులో నడవడం, స్లెడ్జ్, గొండోలా (మూసిన క్యాబిన్ల లిఫ్ట్) ఎక్కి పైకొచ్చి మధ్యాహ్నం మీతో భోజనం చెయ్యడం, ఇవన్నీ ఉన్నాయి. లిఫ్ట్ పాస్ మాత్రం వాళ్లకి కొనకండి, నడిచేవాళ్ల టికెట్ వేరే ఉంటుందేమో అడగండి. ఖర్చులు పంచుకునేటప్పుడు గది, ప్రయాణం ఉమ్మడి, పాస్, అద్దె, పాఠాలు ఎవరివి వాళ్లవి అని ముందే అనుకుంటే లెక్కల పేచీ ఉండదు.

రాత్రి వాలులు ఖాళీగా ఉంటాయి కదా, స్లెడ్జ్ వేసుకుని దిగొచ్చా?

లిఫ్టులు ఆగాక వాలు మూసేసినట్టే. చదును చేసే పెద్ద యంత్రాలు అప్పుడే ఎక్కుతాయి. నిటారు చోట్ల వాటిని పై నుంచి ఉక్కు తాడుతో కట్టి లాగుతారు. ఆ తాడు కిలోమీటరు దాకా సాగి ఉంటుంది, చీకట్లో కనబడదు, ఉన్నట్టుండి బిగుసుకుని పైకి లేస్తుంది. స్లెడ్జ్‌కి విడిగా లైట్లు పెట్టిన దారి ఉందేమో రిసార్ట్‌లో అడగండి. లేకపోతే బూట్ల లోపలి పొర విప్పి ఆరబెట్టుకుని పడుకోండి. తడి బూటులో పొద్దున్నే కాలు పెట్టడం ఎంత నరకమో ఒక్కసారి చూసినవాళ్లు మళ్లీ మరిచిపోరు.